రెండో డివిజన్‌లో ఒక సీజన్: గోదావరిఖని నుంచి చూస్తే

2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి ఇండియన్ ఉమెన్స్ లీగ్ టైటిల్ గెలిచారు. ఆ ఒక్క గోల్ కొట్టింది గుగులోత్ సౌమ్య, నిజామాబాద్ జిల్లాలో ఒక తండాలో పుట్టిన అమ్మాయి. మరుసటి నెలలోనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెకు అవార్డు ఇచ్చింది. ఇంత పెద్ద సంగతి మన ఊళ్లల్లో మాట్లాడుకోవలసినంతగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్న చోట కూడా ఒక విషయం మరుగున పడిపోయింది. ఆ సీజన్‌లో ఆడిన క్లబ్బులు ఎనిమిది. కోల్‌కతావి రెండు, ఒడిశావి రెండు, కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఢిల్లీలవి ఒక్కొక్కటి. తెలంగాణది లేదు, ఆంధ్రప్రదేశ్‌ది లేదు. సౌమ్య సొంత రాష్ట్రపు చొక్కా వేసుకుని ఆ లీగ్‌లో ఆడే అవకాశమే లేదు. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు, కేరళలో గోకులంకు ఆడి, చివరికి కోల్‌కతాలో పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు మన బొగ్గు ఊరు గోదావరిఖనికి రండి. ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతి బంతిని బాగా ఆడుతోందని పీఈటీ సారు కంట్లో పడిందనుకుందాం. మండలం, జిల్లా, జోన్ దాటుకుని రాష్ట్ర జట్టు దాకా వెళుతుంది. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలున్నాయి కాబట్టి ఇంటర్ దాకా ఏదో ఒక పోటీ దొరుకుతుంది. పంతొమ్మిదేళ్లు నిండాక ఏముంది? పైన చూస్తే సౌమ్య ఆడే లీగ్ ఉంది. అక్కడ ఆడేవాళ్లకు జీతాలున్నాయి, విదేశీ క్రీడాకారిణులున్నారు, పూర్తికాలం కోచ్‌లున్నారు. స్కూల్ టోర్నమెంట్ నుంచి నేరుగా అక్కడికి ఎగబాకడం వందమందిలో ఒకరికి కూడా సాధ్యం కాదు. నడుమ మెట్లు లేని నిచ్చెన అది. ఆ నడుమ మెట్టు పేరే రెండో డివిజన్. దాన్ని గురించి ఓపిగ్గా తెలుసుకోవలసిన అవసరం మన బొగ్గు ఊళ్లకు చాలా ఉందని నా నమ్మకం. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ముందు లీగ్‌కూ టోర్నమెంట్‌కూ ఉన్న తేడా చూద్దాం. మన దగ్గర ఫుట్‌బాల్ అంటే చాలావరకు నాకౌట్. సంక్రాంతికో, ఎవరో నాయకుడి జ్ఞాపకార్థమో పదహారు జట్లను పిలుస్తారు. మొదటి రోజే ఎనిమిది జట్లు ఇంటిదారి పడతాయి. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల ఒక్క మ్యాచ్ ఆడి, ఓడి, బస్సెక్కుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో దిద్దుకోవడానికి రెండో మ్యాచ్ ఉండదు. లీగ్‌లో అలా కాదు. ఓడినా మళ్లీ ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. అందరూ అందరితో ఆడాక లెక్క తేలుతుంది. ఆట నేర్చుకునే వయసులో ఉన్నవాళ్లకు కప్పు కన్నా ముఖ్యం ఎన్ని మ్యాచ్‌లు దొరికాయన్నదే. గోల్‌కీపర్‌కు కార్నర్ బంతిని ఎప్పుడు ముందుకొచ్చి అందుకోవాలో, ఎప్పుడు గీత మీదే ఉండాలో ప్రాక్టీసులో సగమే తెలుస్తుంది. మిగతా సగం పాయింట్లు పోయే మ్యాచ్‌లోనే తెలుస్తుంది.

దేశంలో ఆడవాళ్ల జాతీయ లీగ్ 2016-17లో మొదలైంది. మొదటి విజేత మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్. పేరుకు లీగే అయినా చాలా ఏళ్లు అది ఒకే ఊళ్లో కొన్ని వారాల్లో ముగిసే పోటీగానే నడిచింది. 2023-24లో మార్పు వచ్చింది. ఏడు జట్లు సొంత ఊళ్లో ఒకసారి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకసారి ఆడాయి. అంటే జట్టుకు 12 మ్యాచ్‌లు. మరుసటి ఏడు జట్లు ఎనిమిదయ్యాయి, మ్యాచ్‌లు 14 అయ్యాయి. అదే 2023-24లో దీని కింద రెండో డివిజన్ కూడా విడిగా మొదలైంది. దాన్ని ఐడబ్ల్యూఎల్ 2 అంటున్నారు.

అందులోకి ఎలా వెళ్లాలి? దారి రాష్ట్రం నుంచే మొదలవుతుంది. రాష్ట్ర సంఘం ఆడవాళ్లకు లీగ్ నడపాలి. అందులో రాణించిన క్లబ్బు పేరును ఢిల్లీకి పంపాలి. సమాఖ్య ఆ క్లబ్బులను గ్రూపులుగా విడదీసి, ఒక్కో గ్రూపును ఒక్కో ఊళ్లో ఆడిస్తుంది. పైకి వచ్చినవి ఫైనల్ రౌండ్ ఆడతాయి. అక్కడ పైన నిలిచిన రెండు జట్లు మరుసటి ఏడు మొదటి డివిజన్‌కు వెళతాయి. మొదటి డివిజన్‌లో అడుగున మిగిలినవి కిందికి దిగుతాయి. ఇందులో మెలిక ఏమిటంటే, రాష్ట్రంలో లీగ్ జరగకపోతే ఆ రాష్ట్రపు క్లబ్బుకు దారే లేదు. ఎంత మంచి పిల్లలున్నా, ఎంత మంచి కోచ్ ఉన్నా, మొదటి తలుపు హైదరాబాద్‌లో తెరుచుకోవాలి.

గ్రూపు దశలో ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. గ్రూపులో ఐదు జట్లున్నాయనుకోండి. ఒక్కో జట్టుకు నాలుగే మ్యాచ్‌లు. అన్నీ గెలిస్తే 12 పాయింట్లు. ఒకటి ఓడితే 9. అంటే మొదటి మ్యాచ్ ఓడిన జట్టు మిగతా మూడూ గెలిచినా పక్క జట్ల ఫలితాల కోసం ఎదురుచూడాల్సిందే. 14 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక ఓటమి మామూలు సంగతి. నాలుగు మ్యాచ్‌ల సీజన్‌లో అది ఏడాది పనిని నీళ్లపాలు చేయగలదు. అందుకే రెండో డివిజన్ కోచ్‌లు మొదటి మ్యాచ్‌లో కొత్త పిల్లలకు అవకాశం ఇవ్వడానికి జంకుతారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. అయితే నష్టపోయేది ఆ కొత్త పిల్లలే.

పట్టిక చదివేటప్పుడు ఇంకొకటి గమనించాలి. రెండో డివిజన్‌లో 8-0, 10-0 లాంటి ఫలితాలు కనబడితే ఓడిన జట్టు పనికిరాదని అనుకోవద్దు. ఒక రాష్ట్రంలో పదేళ్లుగా లీగ్ నడుస్తోంది, ఇంకో రాష్ట్రంలో నిరుడే మొదలైంది. ఇద్దరినీ ఒకే గ్రూపులో పెడితే గోల్స్ అలాగే పడతాయి. అలా ఓడిన జట్టు మరుసటి ఏడు అదే ప్రత్యర్థి మీద 2-0తో ఓడిందంటే అది ఆ ఊరికి గొప్ప సీజన్. పాయింట్ల గడిలో రెండుసార్లూ సున్నానే ఉంటుంది. పట్టిక చెప్పని ఆ మార్పును గమనించి రాసే పత్రికలు కావాలి.

ఇక అమ్మాయిల ఒళ్లు. ఒకే ఊళ్లో తక్కువ రోజుల్లో గ్రూపు ముగించాలంటే మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య విశ్రాంతి ఎక్కువ దొరకదు. తొంభై నిమిషాల ఆట తరువాత కండరాలు పూర్తిగా తేరుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకని ఇలాంటి సీజన్‌లో గెలిచేది మంచి పదకొండు మంది ఉన్న జట్టు కాదు, మంచి పద్దెనిమిది మంది ఉన్న జట్టు. చిన్న ఊళ్ల జట్లు మూడో మ్యాచ్ రెండో సగంలో చతికిలబడడం తరచూ చూస్తాం. పట్టుదల లేక కాదు, బెంచీ మీద మనుషులు లేక. దానికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ. 15-19 ఏళ్ల పిల్లల్లో అది 59 శాతం. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరానికి ఆక్సిజన్ తగ్గుతుంది. డెబ్బయ్యో నిమిషంలో కాళ్లు బరువెక్కుతాయి. కోచ్ ‘పరుగెత్తు’ అని ఎంత అరిచినా లాభం ఉండదు. సీజన్‌కు మూడు నెలల ముందు ఒక రక్తపరీక్ష, డాక్టరు చెబితే ఐరన్ మాత్రలు, రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర: జట్టు తయారీలో ఇంతకన్నా చవకైన పని లేదు.

మోకాలి సంగతి కూడా చెప్పాలి. బంతి ఆటల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో చాలా ఎక్కువగా జరుగుతోందని అన్ని దేశాల అనుభవమూ చెబుతోంది. తెగితే ఆపరేషన్, ఆపైన కనీసం ఎనిమిది తొమ్మిది నెలలు ఆటకు దూరం. చాలామంది పిల్లల విషయంలో అక్కడితో ఆటే ఆగిపోతుంది, పెళ్లి మాటలు మొదలవుతాయి. ఫిఫా వైద్యులు దీనికోసం ‘11 ప్లస్’ పేరుతో ఒక వార్మప్ తయారుచేశారు. ఇరవై నిమిషాల పని. పరుగు, గెంతి సరిగ్గా దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరానికి బలం. ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయి. గోదావరిఖనిలో ఏ గ్రౌండులోనైనా రేపు తెల్లవారుజామునే మొదలుపెట్టవచ్చు.

ఇంత కష్టం పడి పైకి వెళితే ఏం వస్తుందని అడగవచ్చు. 2023లో సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. మొదటి డివిజన్ క్లబ్బు ఒక్కొక్కటి కనీసం పది మంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని చెప్పింది. నెలకు 27 వేలకు కొంచెం తక్కువ. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో తిరిగే డబ్బు పక్కన ఇది చాలా చిన్న మొత్తం. అయినా రోజు కూలీ ఇంట్లో, అద్దె ఆటో నడిపే ఇంట్లో ఆ జీతం అమ్మాయి మాటకు బరువు తెస్తుంది. ‘ఇంకా ఎన్నాళ్లీ ఆటలు’ అన్న ప్రశ్నకు అదొక జవాబు. అయితే ఆ నిబంధన పెట్టింది పై మెట్టుకు. రెండో డివిజన్‌లో అమ్మాయి చాలావరకు పైకి వెళతానన్న ఆశ మీద ఆడుతుంది.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. మొదటి ఐడబ్ల్యూఎల్ 2 సీజన్ నుంచి కోల్‌కతాకు చెందిన శ్రీభూమి, ఒడిశాకు చెందిన నీతా ఫుట్‌బాల్ అకాడమీ పైకి వెళ్లాయి. రెండూ మొదటి డివిజన్‌లో నిలదొక్కుకున్నాయి కూడా. పై నుంచి కిందికి జారడం కూడా అంతే నిజం. 2023-24లో టైటిల్ గెలిచిన ఒడిశా ఎఫ్‌సీ ఆ మరుసటి ఏడే దిగువ స్థానాల్లో మిగిలి కిందికి దిగింది. 2023-24లో పట్టిక దిగువన కొట్టుమిట్టాడిన ఈస్ట్ బెంగాల్ మరుసటి ఏడు విజేత అయింది. ఇంత తొందరగా కిందామీదా అయ్యే చోట కొత్తవాళ్లకు చోటు ఉంటుంది. 2024-25 రెండో డివిజన్ నుంచి ఢిల్లీకి చెందిన గఢ్‌వాల్ యునైటెడ్, గోవాకు చెందిన సెసా ఫుట్‌బాల్ అకాడమీ పైకి వచ్చాయి.

ఈ సెసా దగ్గర ఆగాలి. బొగ్గు ఊరివాళ్లం కాబట్టి మనం ఎక్కువసేపు ఆగవలసిన పేరు ఇదే. సెసా గోవాలో ఇనుప ఖనిజం తవ్వే కంపెనీ. 1999లో ఫుట్‌బాల్ అకాడమీ పెట్టింది. కుర్రాళ్లకు హాస్టల్, చదువు, ఆట. తరువాత అమ్మాయిల జట్టు వచ్చింది. మధ్యలో గోవా గనులకు పెద్ద దెబ్బలు తగిలాయి. 2012లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించింది, 2018లో లీజులనే రద్దు చేసింది. లారీలు ఆగాయి, ఊళ్లు డీలాపడ్డాయి. అకాడమీ మాత్రం మూతపడలేదు. ఆ అమ్మాయిలే రెండో డివిజన్ దాటుకుని దేశపు మొదటి డివిజన్‌కు చేరారు. గని కంపెనీ నేల లోపలి నుంచి తీసేది ఎప్పటికైనా అయిపోతుంది. పైన తయారుచేసిన జట్టు అలా అయిపోనక్కర్లేదని గోవాలో రుజువైంది.

మన బొగ్గు గనులు నడిపే సింగరేణికి ఈ పని కొత్తదేం కాదు. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ఈ కంపెనీలో కార్మికుల ఆటల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది. ఏరియాల మధ్య పోటీలు, అక్కడ గెలిస్తే కంపెనీ స్థాయి పోటీలు, ఆపైన కోల్ ఇండియా పోటీలు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. ఫస్టు షిఫ్టు దిగి వచ్చి సాయంత్రం బంతి ఆడిన కార్మికుల తరాలు ఈ ఊళ్లో ఉన్నాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్ గొప్పదనం కూడా ఇలాంటి ఉద్యోగపు జట్ల నుంచే వచ్చింది. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చాడు. ఆటగాడికి నెలజీతం, ఆడుకోవడానికి గ్రౌండు, ఊళ్లో ఏటా ఆగకుండా నడిచే లీగ్. ఈ మూడూ ఒకచోట కూడిన కాలం అది.

మరి జీతం, గ్రౌండు, ఏటా పోటీలు బొగ్గు ఊళ్లోనూ ఉండగా ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎందుకు వేళ్లూనలేదు? ఆడపిల్లలకు ఆసక్తి లేదనే మాట నేను ఒప్పుకోను. కారణం మస్టర్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో ఉంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లు భూగర్భ గనిలోకి దిగకూడదంది, రాత్రి ఏడు దాటితే పైన కూడా పనిచేయకూడదంది. బాయి పనంతా మగవాళ్లదైంది. కంపెనీ ఆటలు కార్మికుల కోసం. కార్మికులంటే మగవాళ్లు. కాబట్టి జట్లు, గ్రౌండులో సమయం, ఆటకు వెళితే దొరికే డ్యూటీ వెసులుబాటు, ఆటను చూసి ఇచ్చిన ఉద్యోగాలు అన్నీ వాళ్ల చుట్టూనే అల్లుకున్నాయి. ఎవరో పనిగట్టుకుని ఆడవాళ్లను వద్దనలేదు. మస్టర్‌లో పేరు లేనివాళ్ల పేరు జట్టు జాబితాలోకి కూడా రాలేదు, అంతే. అప్పటి కార్మికుడి కూతురు స్టేడియానికి వెళ్లిందంటే నాన్న ఆడుతుంటే చూడడానికే.

2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించింది. రాతపూర్వక సమ్మతి, భద్రత, కనీసం ముగ్గురు కలిసి ఉండడం లాంటి షరతులతో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకు ఆడవాళ్లు భూగర్భంలోకి కూడా వెళ్లవచ్చంది. దానికి ముందు నుంచే కారుణ్య నియామకాల ద్వారా చదువుకున్న కూతుళ్లు సింగరేణిలో చేరుతున్నారు. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు నలభై వేల చుట్టుపక్కలకు పడిపోయింది. ఓసీపీల్లో (ఓపెన్‌కాస్ట్ గనుల్లో) మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. మొత్తం తగ్గుతున్నా అందులో ఆడవాళ్లు పెరుగుతున్న కాలం ఇది. ఆడవాళ్ల జట్టుకు పునాది వేయడానికి ఇంత అనువైన సమయం ఈ ప్రాంతానికి ముందెప్పుడూ లేదు.

బొగ్గుకూ ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కూ ఉన్న చుట్టరికం వందేళ్ల నాటిది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లాండ్ మగవాళ్లు యుద్ధానికి వెళ్లగా, మందుగుండు కార్ఖానాల్లో, రేవుల్లో ఆడవాళ్లు పనిచేశారు. ఆ పనిచోట్లలోనే జట్లు పుట్టాయి. ఉత్తరాన బొగ్గు ఎగుమతి చేసే బ్లైత్ అనే రేవు ఊళ్లో బ్లైత్ స్పార్టన్స్ అమ్మాయిలు 1917-18 సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. వాళ్ల ఫార్వర్డ్ బెల్లా రే గని కార్మికుడి కూతురు. ఆ ఒక్క సీజన్‌లో 133 గోల్స్ కొట్టింది. కార్ఖానా ఆడవాళ్ల కప్పు ఫైనల్ రీప్లేలో 5-0తో గెలిచినప్పుడు ఆమెవే మూడు. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో ఆడవాళ్ల మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. 1921లో యజమానులు గనులకు తాళాలు వేసి కార్మికులను ఆకలికి వదిలేసినప్పుడు, ఆడవాళ్ల జట్లు మ్యాచ్‌లు ఆడి గని కుటుంబాల సహాయానికి డబ్బు పోగుచేశాయి. ఆ ఏడాది డిసెంబరు 5న ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం తన గ్రౌండ్లలో ఆడవాళ్లను ఆడనివ్వవద్దని తీర్మానించింది. ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగని ఆట అంది, పోగైన డబ్బు లెక్కల మీద కూడా అభ్యంతరం చెప్పింది. ఆ తీర్మానం దాదాపు యాభై ఏళ్లు నిలిచింది. అలా ఆగకపోయుంటే ఆ ఆట ఎక్కడ ఉండేదోనని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నేడు అక్కడి రెండో డివిజన్‌లో 12 క్లబ్బులున్నాయి, ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు.

గోదావరిఖని ఉన్న రామగుండంలో బొగ్గుతో పాటు ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కూడా ఉన్నాయి కాబట్టి జపాన్ సంగతి కూడా చెప్పాలి. టోక్యో విద్యుత్ కంపెనీకి ఫుకుషిమాలో టెప్కో మరీజ్ అనే ఆడవాళ్ల జట్టు ఉండేది. క్రీడాకారిణులు అదే కంపెనీలో పగలు ఉద్యోగం, సాయంత్రం ఆట. 2011 మార్చిలో సునామీ వచ్చి అణు విద్యుత్ కేంద్రంలో పేలుళ్లు జరిగాక ఆ జట్టు ఆగిపోయింది. అంతకుముందు ఆ కేంద్రంలో పనిచేసి, ఆ జట్టుకు ఆడిన కరీనా మరుయామా అదే ఏడాది జూలైలో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య జర్మనీ మీద అదనపు సమయంలో గోల్ కొట్టింది. జపాన్ ఆ కప్పు గెలిచింది. చెదిరిపోయిన మరీజ్ అమ్మాయిలను 2012లో సెండాయ్ నగరంలోని వెగాల్టా క్లబ్బు చేరదీసింది. వాళ్లు మొదలుపెట్టింది రెండో డివిజన్ నుంచే. ఆ ఒక్క సీజన్‌లోనే గెలిచి పైకి వెళ్లారు. కంపెనీ చెయ్యి విడిచినా ఊరు పట్టుకుంటే జట్టు బతుకుతుంది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో మగవాళ్ల ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, 2025లో చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. పట్టి ఉంచుకునే ఊరు దానికి దొరకలేదు.

డబ్బు మాట ఎప్పుడూ మొదట అడుగుతారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ పనుల జాబితాలో గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ ఇవ్వడం స్పష్టంగా ఉంది. సింగరేణికీ ఎన్‌టీపీసీకీ చట్టం కొత్తగా మార్చాల్సిన పని లేదు. డబ్బు కన్నా కష్టమైనవి వేరే ఉన్నాయి. గ్రౌండులో అమ్మాయిలకు రోజూ ఒకే సమయం కేటాయించాలి, మగ జట్లు వచ్చాయని వాళ్లను పక్కకు జరపకూడదు. బట్టలు మార్చుకునే గది, నీళ్లున్న బాత్రూం, తలుపుకు గొళ్లెం ఉండాలి. పదిహేనేళ్ల పిల్లను తల్లిదండ్రులు పంపుతారా లేదా అన్నది చాలాసార్లు ఆ గొళ్లెం దగ్గరే తేలుతుంది. ఒక మహిళా కోచ్ కావాలి. చీకటి పడకముందే ప్రాక్టీసు అయిపోవాలి, లేదా కాలనీల దాకా బండి ఉండాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఎండాకాలం మ్యాచ్‌లు పెట్టకూడదు.

అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల్లోని పిల్లలతో లీగ్ నడిపి, అమ్మాయిలకు కూడా అందులో చోటు పెట్టింది. స్పెయిన్ లా లీగా చెయ్యి కలిపింది. కరువు సీమలో సాధ్యమైనది రామగుండంలో కాదనడానికి నాకు కారణం కనబడదు.

మొదటి ఏడే ఐడబ్ల్యూఎల్ 2 గురించి కలగనక్కర్లేదు. రామగుండం ఒకటి, రెండు, మూడు ఏరియాల నుంచి ఒక్కో జట్టు, గోదావరి దాటితే శ్రీరాంపూర్ నుంచి ఒకటి. ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్లు, కార్మికుల కూతుళ్లు, కాలేజీ పిల్లలు ఎవరైనా ఆడవచ్చు. నాలుగు జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడితే మొత్తం 12 మ్యాచ్‌లు, జట్టుకు ఆరు. స్కూల్ పోటీల్లో మూడేళ్లు ఆడినా దొరకనన్ని మ్యాచ్‌లు చాలామంది పిల్లలకు ఒకే సీజన్‌లో దొరుకుతాయి. ఆదివారానికి రెండు మ్యాచ్‌ల చొప్పున ఆరు ఆదివారాలు. నవంబరు రెండో వారంలో మొదలుపెడితే డిసెంబరు 23న సింగరేణి డే నాటికి పట్టిక తేలిపోతుంది. అందులోంచి ఎంచిన ఇరవై రెండు మందితో ఒక క్లబ్బు రిజిస్టర్ చేసి, రాష్ట్ర లీగ్ కోసం హైదరాబాద్‌కు దరఖాస్తు పెట్టడానికి చేతిలో ఇంకా చలికాలం మిగిలే ఉంటుంది.